సంధ్య రాని రోజుల హాజరు

ఆ కబురు నాకు మొదట తెచ్చింది యాదమ్మ. మా అమ్మాయి చదివిన సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషి. ఈ మాటకు ఏడేళ్ళయింది. ఆమె మా గుమ్మంలో నిలబడి చెప్పిన నాలుగు మాటలు ఆ రోజు నుంచీ నా మీద బరువై కూర్చున్నాయి. దించుకుందామని చాలాసార్లు అనుకున్నాను. దించే చోటు దొరకలేదు. మా ఆయనకు చెప్పలేదు. కూతురికి చెప్పలేదు. దేవుడికి చెప్పానా అంటే, అంతా చెప్పినట్టే చెప్పి అసలు మాట దగ్గర ఆగిపోయేదాన్ని. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే కాస్త ధైర్యం వచ్చిందేమో.

"స్వరూప టీచర్‌ను ఇగ రావద్దన్నరట అమ్మా," అంది యాదమ్మ. "పిల్లల బియ్యం తిన్నదని కాయితం రాసిండ్రట. నా పొయ్యి కాడికెల్లి ఆమె ఒక్క మెతుకు తీస్కపోలే. నన్నడిగితే చెప్తుంటి. ఎవ్వలడిగిండ్రు నన్ను?"

నేను "అయ్యో" అన్నాను. లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చాను. ఆమె తాగి, చెంగుతో మూతి తుడుచుకుని వెళ్ళిపోయింది. ఖాళీ గ్లాసు పట్టుకుని నేను అక్కడే నిలబడ్డాను. ఆ టీచర్ బియ్యం తినలేదని యాదమ్మకు ఎంత తెలుసో నాకు అంతకంటే ఎక్కువ తెలుసు. ఎందుకు తెలుసో చెప్పడానికే ఇదంతా.

మొదటినుంచీ చెప్పాలి. లేకపోతే నేను చేసింది చిన్నదిగా కనిపిస్తుంది. చిన్నదిగా కనిపించేటట్టు చేసుకోవడమే ఇన్నేళ్ళూ నేను చేసిన పని.

నేను బడికి వెళ్ళలేదు. మా నాన్నగారు కోస్తా నుంచి పటాన్‌చెరుకు ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చేసరికి నాకు నాలుగేళ్ళు. అప్పట్లో నాకు మూర్ఛ వచ్చేది. బడిలో పడిపోతే ఎవరు పట్టుకుంటారని పంపలేదు. మా నాయనమ్మ ఇంట్లోనే కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది, కూడికలు నేర్పింది, భక్తి పుస్తకాలు చదివించింది, ఉత్తరం రాసే పద్ధతి చెప్పింది. పదేళ్ళు దాటాక మూర్ఛ మళ్ళీ రాలేదు, దేవుడి దయ. కానీ అప్పటికి చిన్న పిల్లల మధ్య ఒకటో తరగతిలో కూర్చోవడానికి సిగ్గేసింది. అలా బడి అనేది లోపలి నుంచి ఎలా ఉంటుందో తెలియకుండానే పెద్దదాన్నయ్యాను. నాయనమ్మ ఒక్కటే నియమం పెట్టింది. రామకోటి రాసే చెయ్యి అబద్ధం రాయకూడదు. ఈ రోజుకీ గళ్ళ పుస్తకంలో ఒక పేజీ రామనామం రాశాకే పొయ్యి వెలిగిస్తాను. ఈ చేతికి అక్షరం ఇచ్చినందుకు నాయనమ్మకు, ఆ అక్షరంతో తన పేరు రాయించుకుంటున్నందుకు స్వామికి మనసులో దండం పెట్టుకుంటాను.

పెళ్ళయ్యాక ఇస్నాపూర్ దాటి ఒక ఊళ్ళో కిరాయి ఇంట్లో స్థిరపడ్డాం. ఆ ఊరి పేరు, బడి పేరు రాయను. మా వరసలో ఉన్నవాళ్ళంతా కంపెనీల్లో పనిచేసేవాళ్ళే. ఆడవాళ్ళు పిల్లల సెలవు చీటీలు నాతో రాయించుకునేవారు. నా రాత బాగుంటుందని పేరు. కాకపోతే నేను ఉన్నది ఉన్నట్టే రాస్తాను. పెళ్ళికి వెళ్ళి జ్వరమని రాయమంటే రాయను. "నీతోని రాయిపిచ్చుకుంటే మా పిల్లలకు జ్వరం గూడ వచ్చేటట్టు లేదమ్మా," అని యాదమ్మ నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. లోపల మాత్రం కాస్త గొప్పగా ఉండేది. ఆ గొప్ప సంగతి మీరు గుర్తుంచుకోవాలి. తప్పు అక్కడే మొదలైందని ఇప్పుడు అనిపిస్తోంది.

మాకు ఒక్కతే కూతురు, సంధ్య. ఎనిమిదో తరగతిలో ఉండగా మండలం ఆటల్లో చెప్పుల్లేకుండా పరిగెత్తి మొదట వచ్చింది. సంగారెడ్డిలో పిల్లలకు పరుగు నేర్పే కోచ్ ఒకాయన చూసి, ఈ అమ్మాయి దూరం పరుగులకు పనికొస్తుంది, వదలకండి అన్నారు. మా వైపు ఉదయం గాలిలో మందుల కంపెనీల వాసన ఉంటుంది, ఆ గాలిలో పరిగెత్తించొద్దు, నా దగ్గరికే పంపండి అన్నారు. డబ్బులు అడగలేదు. ఆయనకూ రుణపడి ఉన్నాను.

అలా మా రోజులు మారిపోయాయి. తెల్లవారకముందే లేచి రామకోటి రాయడం, సద్ది కట్టడం, పిల్లను తీసుకుని మొదటి బస్సుకు సంగారెడ్డి వెళ్ళడం. అది పరిగెత్తుతుంటే నేను మైదానం పక్కన సిమెంటు మెట్ల మీద కూర్చునేదాన్ని. ఎనిమిదిన్నరకు వదిలేవారు. తిరుగు బస్సు, రుద్రారం దగ్గర లారీలు, ఆగిపోయిన దారి. బడిలో ప్రార్థన తొమ్మిదిన్నరకు. మేం చేరేసరికి పదిన్నర, ఒక్కోరోజు పదకొండు. బస్సులో సంధ్య నా భుజం మీద తల పెట్టి నిద్రపోయేది. జడ వేయడం కూడా బస్సులోనే. ఇంటికి వచ్చి వంట, మా ఆయన షిఫ్టు మారితే మళ్ళీ వంట. ఆ రెండేళ్ళలో నేను కూర్చుని అన్నం తిన్న రోజులు తక్కువ. ఇది జాలి కోసం చెప్పడం లేదు. అలసిపోయిన మనిషికి ఏది తప్పో తెలియదని అనడం లేదు. తెలుస్తుంది. కాకపోతే రేపు చూద్దాంలే అనిపిస్తుంది.

పదో తరగతిలో సంధ్య క్లాసు టీచర్ స్వరూప. విద్యా వాలంటీర్‌గా పనిచేసేది. అంటే పక్కా ఉద్యోగం కాదు, ఏ ఏడాదికి ఆ ఏడాది పిలుస్తారు. జిన్నారం వైపు నుంచి ఆటో మారి, బస్సు మారి వచ్చేది. పాతికేళ్ళుంటాయేమో. తెలుగు చెప్పేది. హాజరు పిలిచేటప్పుడు సంధ్య పేరు దగ్గర పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి వదిలేసేదట. పిల్ల పదకొండుకు చేరాక చుక్క మీద, వచ్చిందని, పి అని రాసేది. అది తప్పు కాదు, పిల్ల వచ్చింది కదా. అసలు గొడవ పోటీలతో వచ్చింది. కోచ్ తీసుకెళ్ళేవి బడి తరఫు ఆటలు కావు, బయటి సంఘాలవి. ఒకసారి మూడు రోజులు, ఒకసారి నాలుగు రోజులు. పై ఆఫీసు ముద్ర ఉన్న కాగితం తెస్తేనే హాజరు ఇస్తాం, కోచ్ రాసిన కాగితం చెల్లదు అన్నారు హెడ్మాస్టర్ గారు. ఆయనది తప్పని అనను. నియమం అది. నేను ప్రతిసారీ సెలవు చీటీ రాసి పంపేదాన్ని. మా అమ్మాయి సంధ్య పరుగు పందేనికి వెళ్తున్నందున సెలవు ఇప్పించగలరు అని. నిజమే రాసేదాన్ని.

దసరా సెలవులకు ముందు స్వరూప టీచర్ నన్ను పిలిపించింది. సంవత్సరంలో ముప్పావు వంతు రోజులు బడికి రాకపోతే పదో తరగతి పరీక్షకు కూర్చోనివ్వరని చెప్పింది. ఆరోగ్యం బాగాలేదని కాగితం ఉంటే కొంత సడలిస్తారట.

"జ్వరమని రాయుండ్రి అమ్మా. రెండు మూడు చీటీలు చాలు, నేను మెడికల్ కింద చూపిస్త," అంది.

"నా చేత్తో అలా రాయలేనమ్మా," అన్నాను. "రామకోటి రాసుకునే చెయ్యి. మీరే ఎలాగైనా చూడండి. హాజరు వేసేది మీరే కదా."

ఆమె నన్ను చూసి నవ్వింది. "మీరు రాయరు. నన్ను రాయమంటరు," అంది.

కోపంగా అనలేదు. ఎగతాళిగా కూడా అనలేదు. నేను కూడా నవ్వి, మీకు పుణ్యముంటుంది తల్లీ అని చెప్పి వచ్చేశాను. అప్పుడు ఆ మాట నాకు తగల్లేదు. నిజంగా తగల్లేదా? తగిలితే ఒప్పుకోవలసి వస్తుందని తగలనివ్వలేదా? హాజరు పట్టీ అనేది నేను ఎప్పుడూ చూడలేదు. భజనకు ఎవరెవరు వచ్చారో పేర్లు పిలిచి చూసుకున్నట్టే అదీ ఉత్త పిలుపే అనుకున్నాను. పాపమంతా చీటీలో ఉంటుందనుకున్నాను. నా చేతి కిందికి రానిది నాది కాదనుకున్నాను.

ఆ రోజు నుంచీ సంధ్య రాని రోజుల్లో కూడా చుక్కలు పి అయ్యాయి. నేను మళ్ళీ అడగలేదు. అడగవలసిన పని లేకపోయింది. నిజం రాసిన చీటీలు మాత్రం పంపుతూనే ఉన్నాను.

చలికాలంలో నిజామాబాద్‌లో మూడు రోజులు జరిగిన పోటీలో సంధ్యకు రెండో స్థానం వచ్చింది. హెడ్మాస్టర్ గారు సంతోషపడి ఆ సర్టిఫికెట్ నకలు తన గదిలో గోడకు అంటించారు. కొన్ని వారాల తర్వాత భోజనాలు తనిఖీ చేయడానికి ఒక అధికారి వచ్చారు. టీ తాగుతూ గోడ వైపు చూసి, ఈ పాప ఇక్కడి పాపేనా అని అడిగారట. అవునని వీళ్ళు గొప్పగా చెప్పారట. ఆయన సర్టిఫికెట్ మీది తేదీలు చూశారు, ఎదురుగా ఉన్న హాజరు పట్టీ తిప్పారు. ఆ మూడు రోజులూ సంధ్య బడిలో ఉన్నట్టే ఉంది. టీ పట్టుకెళ్ళిన యాదమ్మ కళ్ళారా చూసింది ఇదంతా. మర్నాడు అధికారి మళ్ళీ వచ్చారు. నాకు కబురు పంపారు.

ఆ గది ఇప్పటికీ కళ్ళముందు ఉంది. నాకు కుర్చీ వేశారు. స్వరూప టీచర్ బీరువా పక్కన నిలబడి ఉంది. ఆమెను ఎవరూ కూర్చోమనలేదు. బల్ల మీద పట్టీ తెరిచి ఉంది. నేను హాజరు పట్టీని చూడడం అదే మొదటిసారి. గళ్ళు గళ్ళుగా ఉంది. సంధ్య పేరు ముందు వరసగా ఒకే అక్షరం, గడికొకటి, ముత్యాల్లా. నా రామకోటి పుస్తకంలో పేజీలాగే ఉంది. అంత ఓపిగ్గా రాసింది ఆ అమ్మాయి.

"అమ్మా, ఈ మూడు రోజులు పాప బడికి వచ్చిందా?" అని అడిగారు అధికారి.

"లేదు సార్. నిజామాబాద్ వెళ్ళింది."

"బడికి చెప్పిండ్రా?"

"చీటీ రాసి పంపాను సార్."

ఆయన స్వరూప టీచర్ వైపు చూశారు. ఆమె బీరువాలోంచి ఒక అట్ట తీసింది. అందులో నా చీటీలన్నీ ఉన్నాయి. పది, పన్నెండు ఉంటాయి. నా రాత దూరం నుంచే నాకు తెలుస్తుంది కదా. ఆమె వేళ్ళతో వెతికి ఒక్క చీటీ మాత్రం బయటికి లాగింది. మిగిలినవి అట్టలోనే ఉంచి, అట్ట మూసి, బీరువాలో పెట్టేసింది. అధికారి చీటీ చదువుతున్నారు, అట్ట వైపు చూడలేదు. నేను చూశాను. ఆమె ఎందుకలా చేసిందో ఆ క్షణమే నాకు అర్థమైంది. అన్ని చీటీలూ బయటికి వస్తే అన్ని రోజులూ బయటికి వస్తాయి. అన్ని రోజులూ కొట్టేస్తే సంధ్యకు పరీక్ష లేదు.

"చూసిండ్రా సార్," అన్నారు అధికారి హెడ్మాస్టర్ గారితో. "ఎంత మంచి రాత. ఉన్నది ఉన్నట్టు రాసింది. ఈ కాలంల ఇట్ల ఎవరు రాస్తరు? అందరు జ్వరమే రాస్తరు." చీటీ బల్ల మీద పెట్టి టీచర్ వైపు తిరిగారు. "తల్లి సెలవని రాసి పంపింది. నువ్వు హాజరెట్ల వేసినవమ్మా?"

ఆమె తల దించుకుంది.

ఆయన మళ్ళీ నా వైపు తిరిగారు. "మీరేమన్నా వేయమని అడిగిండ్రా?"

గదిలో ఫ్యాను తిరగడం లేదు. బయట పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. నాకు సంధ్య కాళ్ళు గుర్తొచ్చాయి, బూటు ఒరుసుకుని మడమల దగ్గర పుండ్లు పడి, వాటి మీద నేను రోజూ రాసే కొబ్బరినూనె. అవును అంటే ఎన్నిసార్లు అని అడుగుతారు. ఎన్నిసార్లు అంటే అట్ట తెరుస్తారు. ఇదంతా నేను ఆలోచించానా, ఆలోచించకుండానే తెలిసిపోయిందా? చివరికి అన్నాను.

"నేను రాసింది అదొక్కటే సార్. అంతకు మించి నేనేమీ రాయలేదు."

"అంటే అడగలేదు మీరు."

తల ఊపాను.

చూశారా. చెయ్యి రాయలేదు. నోరు పలకలేదు. తల మాత్రం కొంచెం కదిలింది. ఏడేళ్ళుగా ఆ కొంచెం నేను కొలుస్తూనే ఉన్నాను.

"పొరపాటు నాదే సార్," అంది స్వరూప టీచర్.

"పొరపాటు కాదిది. బడికి రాని పిల్ల పేరు మీద భోజనం లెక్కల పడుతున్నది. ఆ బియ్యం ఎటు పోతున్నయి?"

అప్పటిదాకా తల దించుకున్న మనిషి అప్పుడు తలెత్తింది. ఆయన వైపు చూడలేదు. నా వైపు చూసింది. నేను ఏదైనా అంటానేమో అని చూసిందా? ఏమీ అనొద్దని చూసిందా? రెండోది అని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. అలా నమ్మితే ఆమె ఇచ్చినట్టు, నేను తీసుకున్నట్టు అవుతుంది. మొదటిది అయితే, ఆమె అడిగినట్టు, నేను ఇవ్వనట్టు. నేను లేచి అందరికీ నమస్కారం పెట్టాను. ఆమెకు కూడా పెట్టాను. ఇంటికి వచ్చేశాను.

ఆ సాయంత్రం దీపం పెట్టి స్వామికి కృతజ్ఞత చెప్పుకున్నాను. గండం గడిపించావు తండ్రీ అని. కొబ్బరికాయ కూడా కొట్టాను. రాయడానికి ఇన్ని పేజీల్లో అన్నిటికంటే కష్టమైన మాట ఇదే. నేను తల ఊపిన సంగతి కంటే కూడా.

వారం తర్వాత యాదమ్మ వచ్చింది. అది మీకు చెప్పాను.

బడి మా ఇంటికి ఐదు నిమిషాల నడక. ఆ రోజే వెళ్ళి చెప్పవచ్చు. పరీక్షలు అయ్యాక చెబుదాం అనుకున్నాను. అయ్యాయి. ఫలితాలు రానీ అనుకున్నాను. వచ్చాయి, సంధ్య పాసైంది. కాలేజీలో సీటు ఖాయమవనీ అనుకున్నాను. ఈలోపల హెడ్మాస్టర్ గారు బదిలీ అయ్యారు. ఆ అధికారి ఎక్కడికి వెళ్ళారో తెలియదు. ఇక చెప్పడానికి ఎవరున్నారు అనుకున్నాను. చెప్పవలసిన మనిషి జిన్నారం వైపు ఎక్కడో ఉందని తెలిసీ అలా అనుకున్నాను.

అప్పట్లో సంధ్య అడిగింది, టీచర్ ఎందుకు రావడం లేదని. "వేరే ఊరికి వేశారట," అన్నాను. ఈసారి నోరే పలికింది. మొదటిదాని తర్వాత రెండోది ఎంత సులువుగా వచ్చిందో. "నాకు ఒక్క మాట చెప్పకుండనా?" అంది పిల్ల. దానికి ఆ టీచరంటే ప్రాణం. పతకం వస్తే ముందు ఆమెకు చూపించి తర్వాతే నాకు చూపించేది. కొన్నాళ్ళు ఎదురుచూసింది. తర్వాత ఆమె పేరు ఎత్తడం మానేసింది. ఇప్పటికీ ఎవరైనా చెప్పకుండా వెళ్ళిపోతే, "స్వరూప టీచర్ లెక్క," అంటుంది. ఇంట్లో అదొక మాట అయిపోయింది. అన్నప్పుడల్లా నేను లేచి పొయ్యి దగ్గరికి వెళ్తాను.

ఇంతా చేస్తే పరుగు ఏమైందని మీరు అడగవచ్చు. ఇంటర్ మొదటి ఏడాదిలో సంధ్య మోకాలి కింద ఎముక చిట్లింది. మానింది, మళ్ళీ చిట్లింది. కోచ్ గారే వచ్చి, ఇక చాలమ్మా అన్నారు. ఇప్పుడు జిన్నారం దగ్గర ఒక మందుల కంపెనీలో పనిచేస్తోంది. పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కుతుంది. ఆరోగ్యంగా ఉంది, నవ్వుతూ ఉంటుంది, జీతం తెచ్చి నా చేతిలో పెడుతుంది. ఇన్నిటికీ నేను కృతజ్ఞత చెప్పుకోవాలి. చెప్పుకుంటాను. కానీ చెప్పుకుంటున్నప్పుడు మధ్యలో ఒకచోట పరుగు గుర్తొస్తుంది. పరుగు నిలిచి ఉంటే నేను చేసింది ఒప్పయ్యేదా? కాదు. అయినా పరుగు పోయిన రోజు నాకు ముందుగా తోచింది పిల్ల బాధ కాదు. ఊరికే చేశానే అని.

రెండేళ్ళ కిందట ఆదాయం సర్టిఫికెట్ పని మీద సంగారెడ్డిలో ఆఫీసుల దగ్గరికి వెళ్ళాను. అక్కడ దరఖాస్తులు నింపిచ్చే జిరాక్స్ షాపులు వరసగా ఉంటాయి. ఒకదాని ముందు నిలబడ్డాను. బల్ల వెనక స్వరూప టీచర్. కాస్త ఒళ్ళు చేసింది, కళ్ళద్దాలు వచ్చాయి. నా ముందు నలుగురు ఉన్నారు. వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు.

నా వంతు వచ్చింది. ఆమె తలెత్తి చూసింది. "పేరు చెప్పుండ్రి," అంది. చెప్పాను. రాసింది. భర్త పేరు అడిగింది, ఊరు అడిగింది, అన్నీ తప్పు లేకుండా రాసింది. అడుగు వరస దగ్గరికి వచ్చి కలం ఆపింది.

"సంతకమా, వేలిముద్రా అమ్మా?"

నా చీటీలు అన్ని నెలలు బీరువాలో దాచిన మనిషి. నా రాత ఆమెకు తెలియదా? వచ్చిన ప్రతివాళ్ళనీ అలాగే అడుగుతుందేమో. నా ముందున్న ముసలాయనను కూడా అడిగింది, విన్నాను. "సంతకం," అన్నాను. చేశాను. ఆమె కాగితం తీసుకుని నా వెనకాయన వైపు చెయ్యి చాపింది. నేను అడగవలసింది ఒక్క మాట. ఆ మాట పట్టుకుని షాపు పక్కన అరగంట నిలబడి, బస్సెక్కి వచ్చేశాను.

రామకోటి మానేశానా అంటే, లేదు. ఒక్క రోజు కూడా మానలేదు. అదే నాకు భయంగా ఉంటుంది.

పోయిన నెల మా వరసలో కొత్తగా వచ్చిన ఒకావిడ సెలవు చీటీ రాయించుకోవడానికి వచ్చింది. కూతురు కబడ్డీ ఆడుతుంది, వరంగల్ వెళ్ళాలి. "మీ రాత అంటే బళ్ళె నమ్మకమట అక్కా. మీరు అబద్ధం రాయరంట కదా," అంది. రాసిచ్చాను. ఇచ్చాక ఆపుకోలేక అన్నాను. చీటీ పంపి ఊరుకోవద్దమ్మా, మీరే వెళ్ళి హెడ్మాస్టర్‌తో నోటితో మాట్లాడండి, హాజరు సంగతి టీచర్ మీద వదిలేయకండి అని. ఆవిడ సరేనంది, ఎందుకన్నానో తెలియక నా మొహం చూసింది. ఆవిడ వెళ్ళాక ఈ కాగితాలు తీశాను. నెల పట్టింది ఇంతవరకూ రావడానికి. సంధ్య కంపెనీ నుంచి వచ్చేలోపు రాసి, బియ్యం డబ్బా వెనక దాచాను రోజూ.

దీన్ని సంధ్యకు చూపిస్తానా? చూపిస్తానని మీకు మాట ఇవ్వను. మాట ఇచ్చి వాయిదా వేయడం నాకు బాగా తెలిసిన పని. క్షమించమని కూడా అడగను. అది మీ దగ్గర లేదు. ఉన్న మనిషి ముందు నిలబడి కూడా నేను అడగలేదు. ఒక్కటి మాత్రం జరిగింది. నేను అడిగాను, అందుకే ఆమె రాసింది. ఈ మాట ఏడేళ్ళలో మొదటిసారి ఒక కాగితం మీద పడింది. పడ్డాక, కుండ కింద పెట్టిన తర్వాత కూడా చెయ్యి కాసేపు పైకి తేలుతుందే, అలా ఉంది నాకు. అంతకంటే ఎక్కువ ఏమీ లేదు.

మీలో ప్రార్థన చేసుకునేవాళ్ళు ఉంటారు. ఎవరి దేవుడి దగ్గరైనా సరే, నన్ను తలుచుకోవద్దు. జిన్నారం వైపు నుంచి రెండు బండ్లు మారి వచ్చి పదో తరగతి పిల్లలకు తెలుగు చెప్పిన ఒక అమ్మాయి ఉండేది. ఆమె దొంగ కాదు. స్వరూప టీచర్‌ని తలుచుకోండి.